తెలిసిన పాత్రలు, తెలియని మలుపులు

ఒకరు సృష్టించిన పాత్రలతో అభిమానులు అల్లే కొత్త కథలను ఇప్పుడు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. గుంటూరు, ప్రకాశం సీమల్లో ఇలాంటి సాహిత్యకృషికి దాదాపు ఏడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 14వ శతాబ్దిలో అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన, తెలుగు భారతంలో నన్నయ అసంపూర్ణంగా విడిచిన అరణ్యపర్వాన్ని పూర్తిచేశాడు. దాన్ని తన ప్రభువుకు కాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. నన్నయ శైలితో మొదలుపెట్టి మెల్లగా తర్వాతి పర్వాలు రాసిన తిక్కన శైలికి చేరుకుని, అతుకు కనబడకుండా చేశాడని విమర్శకులు మెచ్చుకుంటారు.

భారత, రామాయణాల ముగింపు ఊరంతటికీ తెలుసు. దాన్ని దాచడం కుదరదు. అందుకే తర్వాతి రచయితలు మలుపును వేరేచోట దాచారు: కథ ఎవరి పక్షాన నడుస్తోంది, ఏ సంగతి ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది అన్నవాటిలో.

తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో ‘శంబుక వధ’ నాటకం రాశారు. ఉత్తరకాండలో శంబుకుడు కాసేపు కనిపించి, తపస్సు చేశాడన్న కారణంతో రాముడి చేతిలో చనిపోతాడు. నాటకంలో అతడే కథకు కేంద్రం. చావు తప్పలేదు గానీ, దానికి బాధ్యులెవరన్న ప్రశ్న ముందుకొచ్చింది. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1941లో కాళిదాసు మేఘసందేశపు మార్గాన్ని తీసుకుని ‘గబ్బిలం’ రాశారు. యక్షుడి చోట అంటరానివాడు, మేఘం చోట గబ్బిలం, ప్రియురాలి చోట కాశీలోని శివుడు వచ్చారు. ఆ మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు. కావ్యం బలమంతా ఆ ఎంపికలోనే ఉంది.

1957 నాటి ‘మాయాబజార్’ సినిమా నిర్మాతల్లో ఒకరైన చక్రపాణి తెనాలివారు. శశిరేఖగా నటించిన సావిత్రి తాడేపల్లి దగ్గరి చిర్రావూరులో పుట్టారు. శశిరేఖ పెళ్లికథ వ్యాసభారతంలో లేదు. ఘటోత్కచుడే శశిరేఖ రూపంలో ఉన్నాడని ప్రేక్షకులకు తెలుసు, కౌరవులకు తెలియదు. ఇక్కడ రహస్యాన్ని చూసేవారికి ముందే చెప్పేసి పాత్రల నుంచి దాచారు. ఆ సినిమాలో పాండవులు అసలు కనిపించరు. భారతం తెలిసిన ప్రేక్షకుడికి వాళ్ల లోటు తెలియదు.

గుంటూరులో పుట్టిన ఓల్గా ‘విముక్త’ కథల సంపుటిలో దీనికి భిన్నమైన పద్ధతి పట్టారు. అడవిలో అందమైన తోటను పెంచుతున్న ఒక స్త్రీకి ముక్కూ చెవులూ లేవని పిల్లలు సీతకు చెబుతారు. పేరు చెప్పకముందే ఆమె శూర్పణఖ అని పాఠకులు పోల్చుకుంటారు. అసలు మలుపు ఆ తర్వాతే వస్తుంది: పగ ఉండాల్సినచోట స్నేహం కుదురుతుంది. అహల్య, రేణుక, ఊర్మిళ కూడా ఆ సంపుటిలో సీతకు కొత్త దారులు చూపుతారు. ఈ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఈ రచనలన్నింటికీ పాఠకుల జ్ఞాపకమే పెట్టుబడి. మూలకథ ఎంత బాగా తెలిసినవారికి మార్పు అంత గట్టిగా తగులుతుంది. మూలంలో గొంతు దక్కని పాత్రలకు గొంతు ఇవ్వడం ఈ సంప్రదాయం సాధించిన గొప్ప మేలు.