హైస్కూలు ఆకలి

మా పాలమూరు జొన్న తిండి నేల. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పినన్నాళ్లూ, విటమిన్ల పట్టికలో నయాసిన్ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా రాగానే పుస్తకం పక్కన పెట్టి హైదరాబాద్ సంగతి చెప్పేదాన్ని. 1918లో కూనూరులో వైద్యుడు మెకారిసన్ మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. రోజూ జొన్నలే తినే పేదలకు ఈ జబ్బెందుకు వస్తోందని అక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, శ్రీకంఠయ్య ఆరా తీశారు. జొన్నల్లో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు.

పెల్లాగ్రాలో ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడుతుంది, మెడ చుట్టూ హారం వేసినట్టు. అది అందరికీ కనిపిస్తుంది. దాంతోపాటే నిద్ర పట్టదు, దిగులు కమ్ముతుంది, ఊరికే చిరాకు పుడుతుంది, ముదిరితే మతి చెదురుతుంది. నయాసిన్ ఇస్తే ఆ దిగులు రోజుల్లోనే తేలికపడుతుంది. పెల్లాగ్రా ఎక్కువగా పెద్దవాళ్ల జబ్బే. అయినా తిండికీ మనసుకీ ఉన్న ముడిని మా పిల్లలకు చూపించడానికి నాకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకలేదు.

ఇక పిల్లల ఆకలి సంగతికొస్తే, బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచన మనకు పాతదే. 1920లో మద్రాసు నగరపాలక సంస్థ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి థౌజండ్ లైట్స్ బడిలో మొదలుపెట్టారు. తర్వాత కేర్ సంస్థ ఉప్మా, పాలపొడి వచ్చాయి. అన్నీ చిన్న తరగతులకే. 1995లో కేంద్ర పథకం వచ్చినప్పుడూ అంతే: అయిదో తరగతి లోపు పిల్లకు నెలకు మూడు కిలోల బియ్యం.

ఆ రోజుల్లో మా తొమ్మిదో తరగతిలో ఒక తండా పిల్ల ఉండేది. పొద్దున మొదటి పీరియడ్‌లో గుండె బొమ్మ గీసి, గదులన్నిటికీ తడుముకోకుండా పేర్లు రాసేది. ఇంట్లో తమ్ముడి పేరు మీద బియ్యం వచ్చేవి, తన పేరు మీద ఏమీ వచ్చేది కాదు. సద్ది తెచ్చిన రోజు జొన్న రొట్టె, కారం. తేని రోజు బోరింగు నీళ్లు. మధ్యాహ్నం ఆరో పీరియడ్‌లో పిలిస్తే పలికేది కాదు, గట్టిగా అడిగితే ఏడ్చేది. స్టాఫ్‌రూంలో ఆమెకు మొండిపిల్ల అని పేరు పడింది. ఆకలితో సొమ్మసిల్లిన మెదడుకు ఆ పేరు పెట్టడం నేనెన్నడూ ఒప్పుకోలేదు. పదమూడు, పద్నాలుగేళ్లకు ఒళ్లు ఒక్కసారిగా ఎదుగుతుంది, ఆడపిల్లలకు నెలసరి మొదలవుతుంది, రక్తంలో ఇనుము తరుగుతుంది. రక్తం తక్కువైతే అలసట, చికాకు, చదువు మీద మనసు నిలవకపోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సరిగ్గా ఆ వయసులోనే సర్కారు కంచం తీసేసింది.

2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి ప్రాథమిక బడుల్లో పొయ్యి వెలిగింది. హైస్కూలు పిల్లల వంతు 2008లో వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పూటకు 150 గ్రాముల బియ్యం, 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులని లెక్క కట్టారు. మా బడిలో ఆ ఏడు సాయంత్రం పీరియడ్లలో ప్రశ్నలడిగే పిల్లలు పెరిగారు. గుడ్డు పెట్టే రోజున హాజరు చూడాల్సిందే.

ఇంటర్ పిల్లలు ఇంకా చాలాకాలం ఆగారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో అన్నదాత డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజన పథకం 2025 జనవరిలో మొదలైంది, థౌజండ్ లైట్స్ బడిలో వడ్డించిన నూట అయిదేళ్లకు.