పురుడు పొయ్యని అమ్మగార్లు

మా అమ్మమ్మది కొల్లేటి లంక. ఆవిడ చెప్పిన కథల్లో ఒకటి నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. వాళ్ళమ్మకి ఒక అక్క ఉండేదట. వానాకాలం, కొల్లేరు పొంగి ఉంది, మూడు రోజులుగా నొప్పులు. దోనెలో పడుకోబెట్టి ఏలూరు వైపు బయల్దేరారు. ఒడ్డు చేరకముందే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. జొరానికీ పుళ్ళకీ అమ్మగార్ల దగ్గరే మందు తెచ్చుకునేవాళ్ళమని అమ్మమ్మే చెప్పేది కాబట్టి, "మరి వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళలేదా?" అని అడిగేదాన్ని.

"అమ్మగార్లు పురుడు పొయ్యరే. ఆళ్ళ మతంలో లేదంట" అనేది.

కన్యస్త్రీలని మా వైపు అమ్మగార్లనే అంటారు. ఆ మాట పల్లెటూరి పుకారనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు కారణం కూడా ఉంది. 1822లో నెదర్లాండ్స్‌లో మొదలైన జీసస్ మేరీ జోసఫ్ సంఘం సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. 1953లో ఏలూరులో సెయింట్ థెరిసా మహిళా కళాశాల పెట్టింది వాళ్ళే. మా ఇంట్లో మొదటి డిగ్రీ, మా అమ్మది, అక్కడిదే. ఆడపిల్లకి చదువెందుకని ఊరంతా అడుగుతున్న రోజుల్లో కాలేజీ పెట్టినవాళ్ళు కాన్పుకి వెనకాడి ఉంటారని ఎలా నమ్మను?

డాక్టరేట్ అయిపోయాక, వేరే పనిమీద మిషన్ల చరిత్రలు తిరగేస్తుంటే తెలిసింది, అమ్మమ్మ మాట నిజమేనని. కన్యస్త్రీలు వైద్యం వృత్తిగా చెయ్యడం మీద, ముఖ్యంగా పురుళ్ళు పొయ్యడం మీద, కాథలిక్ చర్చి ఆంక్ష 1936 దాకా నడిచింది. బ్రహ్మచర్యం పట్టిన స్త్రీ ప్రసవం చూడటం ఆమె శీలానికి తగదన్నది అసలు సంగతి. పుండు కడగొచ్చు, కుష్ఠు రోగిని తాకొచ్చు, చనిపోయేవాడి పక్కన రాత్రంతా కూర్చోవచ్చు. కనే ఆడదాని దగ్గరికి మాత్రం పోకూడదు.

ఈ నియమం మీద పోరాడిన మొదటివాళ్ళలో ఆగ్నెస్ మెక్‌లారెన్ ఒకరు. స్కాట్లాండ్ డాక్టరు. మగ డాక్టరు ముందుకి రాలేని పరదా స్త్రీల కోసం రావల్పిండిలో ఆసుపత్రి పెట్టించింది. సిస్టర్లని వైద్యం చెయ్యనివ్వండని రోముకి మళ్ళీ మళ్ళీ విన్నవించుకుంది. అనుమతి రాకుండానే 1913లో పోయింది. ఆమె గురించిన చిన్న పుస్తకం మెల్‌బోర్న్‌లో మేరీ గ్లోరీ అనే యువ డాక్టరు చేతిలో పడింది. 1887లో పుట్టిన మేరీ గ్లోరీ స్త్రీల వైద్యంలో పై చదువు చదివి, 1920లో గుంటూరు వచ్చి ఈ జీసస్ మేరీ జోసఫ్ సంఘంలోనే చేరింది. సిస్టర్‌గా ఉంటూ వైద్యం చెయ్యడానికి ఆమెకి పోప్ నుంచి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. స్థానిక స్త్రీలకి నర్సింగ్, మంత్రసాని పని నేర్పించింది. 1943లో దేశంలోని కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని మొదలుపెట్టింది. అంటే 1936కి ముందే గుంటూరులో ఒక డాక్టరమ్మగారు ఉన్నారు. అయితే ఏం, నొప్పులు పడుతూ దోనెలో పడుకున్న మనిషికి కృష్ణ అవతలి గుంటూరు వేరే లోకం.

ఆఫ్రికాలోనూ ఇదే కథ. గుంటూరు ప్రాంతంలో పనిచేసిన మిల్‌హిల్ ఫాదర్లే ఉగాండాలోనూ ఉన్నారు. వాళ్ళ పిలుపు మీద 1903లో ఐర్లండ్ మనిషి మదర్ కెవిన్ మరో ఐదుగురు సిస్టర్లతో కంపాలా దగ్గరి న్సాంబ్యా చేరింది. అక్కడ పురిట్లో పోయే తల్లుల్ని చూసి, 1921లో ఈవ్లిన్ కానలీ అనే డాక్టరుతో కలిసి మంత్రసానుల శిక్షణ మొదలుపెట్టింది. కానలీ కన్యస్త్రీ కాదు, కాబట్టి ఆ నియమం ఆమెకి అంటదు. 1923లో ఉగాండా అమ్మాయిలతోనే ఒక సంఘం పెట్టింది మదర్ కెవిన్. ఆసుపత్రికీ ధర్మసంస్థకీ అక్కడ ‘కెవినా’ అనే మాట వాడుకలోకి వచ్చింది. గుంటూరు డాక్టరూ, ఉగాండా మదరూ ఇద్దరూ పోయింది 1957లోనే.

నిషేధం ఎత్తేశారు, బాగుంది. కానీ దాన్ని రోము మూఢత్వమని నవ్వుకుని వదిలేయడానికి నాకు మనసొప్పదు. పురిటి మైల మనకి మాత్రం లేదా? మన ఊళ్ళలో ఆ రక్తం ముట్టుకోవడానికి మంగలి స్త్రీలూ దళిత స్త్రీలూ కావలసి వచ్చేవాళ్ళు. పని అయ్యాక వాళ్ళు గడప దాటి లోపలికి రాకూడదనేవాళ్ళు. రోములో శీలం, ఇక్కడ కులం, రెండూ కనే స్త్రీకి దూరంగా జరిగితే మధ్యలో మిగిలింది మంత్రసాని. ఆమెకి దక్కిందేమిటి? 1927లో కేథరిన్ మేయో ‘మదర్ ఇండియా’లో ఆమె మురికి చేతుల గురించి లోకానికి చెప్పింది. మిషన్ చరిత్రల్లో ఆమె పేరు కోసం నేను వెతుకుతూనే ఉన్నాను.

కిందటేడు తాడేపల్లిగూడెంలో ఒక రిటైరైన సిస్టర్‌ని కలిశాను. ఉగాండా పల్లెల్లో ఇరవై ఏళ్ళకి పైగా నర్సుగా పురుళ్ళు పోసి వచ్చారు. తొలిరోజుల్లో అక్కడివాళ్ళు ఆవిణ్ణి ‘ముయిండి’ అనేవాళ్ళట, ఇండియా మనిషి అని. అక్కడ ఇండియా మనిషంటే ముందు గుర్తొచ్చేది దుకాణదారు. 1972లో ఇడీ అమీన్ వెళ్ళగొట్టింది వాళ్ళనే.

"నేనూ ఏదో అమ్మడానికొచ్చాననుకున్నారమ్మా" అని నవ్వారు. కాసేపాగి, "మా అమ్మ మంత్రసాని, తెలుసా?" అన్నారు.

వాళ్ళది దగ్గర్లోనే ఒక ఊరి పేట. రాత్రిళ్ళు లాంతరు పట్టుకొచ్చి పిలుచుకెళ్ళిన ఇళ్ళే, తెల్లారాక వాళ్ళమ్మకి దోసిట్లో నీళ్ళు పోసేవట. మఠంలో చేరతానంటే అమ్మ ఏడ్చిందా అని అడిగాను.

"ఎందుకేడుస్తది? ఈ పని నీకొద్దని పంపింది. నేను తిరిగి తిరిగి ఆ పనికే వచ్చాను" అన్నారు. "కాకపోతే నాకు సర్టిఫికెట్టుంది, తెల్ల చీరుంది. అక్కడ ఏ ఇంట్లోనైనా బిడ్డని ముందు నా చేతిలో పెట్టేవోరు. ఇక్కడ మా అమ్మ బొడ్డు కోసిన పిల్లలే పెద్దయ్యాక ఆవిణ్ణి ఏమేవ్ అని పిలిచేవోరు."

మా అమ్మమ్మ కథ ఆవిడకి చెప్పాను. ఆ కాలంలో మీవాళ్ళు రారట కదా అన్నాను, కొంచెం నిష్ఠూరంగానే. ఆవిడ వాదించలేదు. "మీ మనిషి పేరేంటమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అక్కడినుంచే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకీ తెలీదు. ‘పురిట్లో పోయిన పెద్దమ్మ’, అంతే మా ఇంట్లో.

సిస్టర్ లోపలికెళ్ళి ఒక లెడ్జరు తెచ్చారు. ఉగాండాలో పోసిన ప్రతి పురుడూ రాసుకున్నారు, తేదీ, తల్లి పేరు, ఆడో మగో, బతికిందో లేదో. మరి మీ అమ్మగారివి ఎన్నో తెలుసా అంటే తల అడ్డంగా ఊపారు.

"ఆవిడకి రాయడం రాదు కదమ్మా. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకునేది. సంక్రాంతికి సున్నం ఏసేవోళ్ళం."