మద్రాసు సీమ ఉమ్మెత్త పొగ

హొగేనక్కల్ దగ్గర కావేరి రాళ్ల మీదుగా దూకే ధర్మపురి సీమ, 1792 నాటి శ్రీరంగపట్నం సంధి ప్రకారం టిప్పు సుల్తాను వదులుకున్న బారామహల్‌లో భాగంగా ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్ కింద థామస్ మన్రో ఇక్కడ భూమి శిస్తు నిర్ణయిస్తున్న కాలంలోనే, ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే నాటు పద్ధతి మద్రాసులోని కంపెనీ వైద్యుల దృష్టికి వచ్చింది. పొలంగట్ల మీద, పాడునేలల్లో తనంతట తాను మొలిచే ఈ మొక్కకు దక్షిణ దేశంలో కొరత లేదు.

పొగను మందుగా పీల్చడం ఇక్కడ కొత్త కాదు. ధూమపానమనే చికిత్సను వివరించిన చరక సంహిత శ్వాసరోగాన్ని అయిదు విధాలుగా విభజించింది. వాటిలో తమకశ్వాస లక్షణాలు నేటి ఉబ్బసానికి బాగా దగ్గరగా ఉంటాయి. ఉమ్మెత్త వేళ్లను, కాండపు అడుగు భాగాన్ని ఎండబెట్టి, ముక్కలుగా నలగ్గొట్టి, గొట్టంలో పెట్టి పీల్చే పద్ధతిని మద్రాసు ఫిజీషియన్ జనరల్ జేమ్స్ ఆండర్సన్ సిఫారసు చేశాడు.  ఆ మందును జనరల్ జెంట్ 1802లో బ్రిటన్‌కు తీసుకువెళ్లి ఎడింబరోలోని డాక్టర్ సిమ్స్‌కు అందించాడు. వీరి పేర్లు గ్రంథాలకెక్కాయి కానీ, ఆ చికిత్సను ఆండర్సన్‌కు చూపిన నాటువైద్యుల పేర్లు ఎక్కలేదు.

బ్రిటన్‌లో ఆ మొక్కకు బదులు దాని జాతిదే అయిన స్ట్రమోనియం వాడుకలోకి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి ఉబ్బసం సిగరెట్లు యూరప్ మందుల షాపుల్లో మామూలు సరుకయ్యాయి. ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ కూడా వాటిని కాల్చినవాడే.

ఈ పొగ ఉపశమనమివ్వడం వట్టి భ్రమ కాదు. వేగస్ నాడి కొసల్లో విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరాన్ని బిగిస్తుంది. ఉమ్మెత్తలోని అట్రోపిన్ వంటి ఆల్కలాయిడ్లు, అంటే మొక్కల్లో పుట్టే నత్రజనియుక్త రసాయనాలు, ఆ పనిని అడ్డుకోగా నాళం వదులవుతుంది. అయితే మొక్క మొక్కకూ మందు పాళ్లు మారేవి. కాస్త ఎక్కువైతే నోరెండడం, కనుపాపలు విచ్చుకోవడం, మతిభ్రమ, ఒక్కోసారి మరణం కూడా తప్పేవి కావు. బాటసారుల తిండిలో కలిపి దోచుకునే దొంగలకూ ఉమ్మెత్తే ఆయుధమైందంటే దాని విషం ఎంతటిదో తెలుస్తుంది. పైగా ఉబ్బసంలో కండరం బిగుసుకోవడంతో పాటు నాళాల లోపలి పొరలో వాపు కూడా ఉంటుంది; ఆ వాపును ఈ పొగ తగ్గించలేదు సరికదా, పొగే నాళాలను రేపేది.

రక్తంలోకి అంతగా ఇంకని, మెదడుకు చేరని ఇప్రాట్రోపియం అనే పీల్చే మందు 1970లలో వచ్చాక అట్రోపిన్ మేలు చాలావరకు విషభయం లేకుండా దక్కింది. దాని తరువాతిది, రోజుకొకసారి పీల్చితే చాలేది, టియోట్రోపియం. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇన్‌హేలరుకు మరో నియంత్రణ మందు తోడైనా అదుపులోకి రాని ఉబ్బసాన్నీ, ఆ మోతాదు తగ్గించగానే తిరగబెట్టేదాన్నీ వైద్యులు తీవ్ర ఉబ్బసమంటారు. నాళాలు వదులు కావడానికి అటువంటివారికి టియోట్రోపియంను జత చేస్తారు. వాపును రేపే ప్రత్యేక అణువులను పట్టి ఆపే ఒమలిజుమాబ్, మెపోలిజుమాబ్ వంటి ఇంజెక్షన్లు రోగి లక్షణాలను బట్టి ఇస్తారు. హైదరాబాదులో మృగశిర కార్తెకు ఉబ్బసానికని పంచే చేపమందుకు వచ్చినంత పేరు ఉమ్మెత్తకు రాలేదు గానీ, ఇప్రాట్రోపియం, టియోట్రోపియంలకు దారి వేసింది ఉమ్మెత్తే. ఉబ్బసానికి టియోట్రోపియంను అమెరికా 2015లో ఆమోదించింది. అది స్టెరాయిడ్ ఇన్‌హేలరుకు తోడుగా వాడవలసినదే తప్ప దానికి బదులుగా కాదు.