గుండెకు కాల్షియం.. మేలూ అదే, కీడూ అదే

అమలాపురం: ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్‌ అనుకుని సోడా తాగి పడుకునేవారు కోనసీమ పల్లెల్లో నేటికీ ఉన్నారు. లంక గ్రామాల వారికి రేవు దాటడానికే సమయం పడుతుంది. ఆ జాప్యంలో గుండె కణం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ప్రతి నిమిషం విలువా బోధపడుతుంది.

శక్తి కేంద్రాలు

గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. ఇందుకు కావలసిన శక్తి ఏటీపీ రూపంలో మైటోకాండ్రియాలలో తయారవుతుంది. గుండె కణంలో దాదాపు మూడో వంతు ఇవే. ఈ ఏటీపీని 1929లో అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్కేతో కలిసి గుర్తించినది వశిష్ఠ గోదావరికి ఆవల భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్‌ లోమన్‌ కూడా విడిగా కనుగొన్నారు.

ద్వారం దొరికింది

ప్రతి స్పందనకూ కాల్షియమే గుండె కండరాన్ని సంకోచింపజేస్తుంది. అందులో కొంత మైటోకాండ్రియాలోకి చేరి శక్తి ఉత్పత్తిని పెంచుతుంది. ఆ ప్రవేశ ద్వారంగా పనిచేసే ప్రొటీనును 2011లో హార్వర్డ్‌కు చెందిన తెలుగు మూలాల శాస్త్రవేత్త వంశీ మూతా బృందం, ఇటలీలోని పాడువా బృందం వేర్వేరుగా గుర్తించాయి. వంశీకి 2014లో పద్మశ్రీ లభించింది.

ప్రమాదం ఇలా..

రక్తనాళం మూసుకుపోతే ప్రాణవాయువు అందక ఏటీపీ తగ్గి, ఆమ్లం పేరుకుంటుంది. దానిని వెలుపలికి పంపే ప్రయత్నంలో కణంలోకి సోడియం, దాని వెనుకే కాల్షియం వచ్చి చేరతాయి. చికిత్సతో నాళం తెరుచుకోగానే ప్రాణవాయువు ఒక్కసారిగా వచ్చి ఫ్రీ రాడికల్స్‌ వెల్లువెత్తుతాయి. ఇదే ఆక్సీకరణ ఒత్తిడి. ఈ రెండూ కలిసి మైటోకాండ్రియా లోపొరలో రంధ్రాన్ని తెరుస్తాయి. లాకుల తలుపులు ఎత్తితే నిలిపిన నీరంతా పోయినట్లు, శక్తి తయారీకి ఆధారమైన విద్యుత్‌ వ్యత్యాసం పోయి కణం మరణిస్తుంది. అయినా నాళం తెరవడం తప్పనిసరి. తెరవకుంటే నష్టం మరింత ఎక్కువ.

మందు ఉందా?

ఈ రంధ్రాన్ని అడ్డుకునే సైక్లోస్పోరిన్‌ జంతువులలో ఫలించినా, 2015లో వెలువడిన 970 మంది రోగుల పరీక్షలో ప్రయోజనం చూపలేదు. విటమిన్‌-ఇ మాత్రలు కూడా పెద్ద పరీక్షలలో గుండెపోటును నివారించలేకపోయాయి. ఇక్కడ చెప్పిన ప్రమాదం కణంలో కాల్షియం అదుపు తప్పడం వల్ల వచ్చేదే తప్ప పాలు తాగడం వల్ల కాదు. వైద్యులు రాసిన కాల్షియం మాత్రలను సొంతంగా మానరాదు.

ఏం చేయాలి?

నాళం ఎంత త్వరగా తెరుచుకుంటే అంత కండరం మిగులుతుంది. ఛాతీ బిగుసుకుపోవడం, నొప్పి చేతికి, దవడకు పాకడం, చెమటలు పట్టడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్‌ చేయాలి. మధుమేహం ఉన్నవారిలో, వృద్ధులలో నొప్పి లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు. రేవు దాటవలసినవారు తెల్లవారే వరకు ఆగరాదు.