నీటిలో పుట్టిన క్షారము ఎక్కడిది?

ఇంటి కుళాయికి తగిలించుకొను నీటి అయానీకరణ యంత్రములు నేడు అనేక దేశములలో వాడుకలో ఉన్నవి. యంత్రములోనికి పోయిన నీరు రెండు పాయలుగా వెలువడును. ఒక పాయ క్షారగుణము కలది. రెండవది ఆమ్లగుణము కలది. అయితే ఒక ఊరి బావినీటికి ఈ యంత్రమును పెట్టినప్పుడు కలిగిన ఫలితము మరియొక ఊరి నీటికి పెట్టినప్పుడు కలుగదు. శుభ్రముగా పట్టిన వాననీటికి పెట్టినచో మార్పు మిక్కిలి స్వల్పము. యంత్రము ఒకటే, విద్యుత్తు ఒకటే. ఈ భేదము ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము, యంత్రము పుట్టుటకు నూరేండ్లకు పైగా ముందే, ఒక రసాయనజ్ఞుని ప్రయోగశాలలో లభించినది.

ఇటలీ దేశీయుడగు అలెస్సాండ్రో వోల్టా, తాను నిర్మించిన విద్యుద్ఘటమాలను వర్ణించుచు 1800 మార్చి 20వ తేదీన లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడగు సర్ జోసెఫ్ బ్యాంక్సుకు జాబు వ్రాసెను. ఆ సంగతి తెలిసినంతనే విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ అను ఇద్దరు ఆంగ్లేయులు అట్టి ఘటమాలనే కూర్చుకొని, మే 2వ తేదీన ఒక గాజుగొట్టమును నీటితో నింపి, రెండు ఇత్తడి తీగల ద్వారా విద్యుత్తును పంపిరి. ఒక తీగనుండి ఉదజని బుడగలు లేచెను. రెండవ తీగ వన్నె మాసెను. పిమ్మట ప్లాటినపు తీగలు వాడినప్పుడు రెండవ తీగవద్ద ఆమ్లజనియు వెలువడెను.

వారు గొట్టములో నింపినది న్యూ రివర్ నీరు. పేరునకు నదియే గాని, అది హెర్ట్‌ఫర్డ్‌షైరులోని ఊటనీటిని లండను నగరమునకు తెచ్చుటకై త్రవ్విన కాలువ, 1613లో పూర్తియైనది. ఆ ఊటలు సుద్దరాతి పొరలనుండి పుట్టును. కనుక ఆ తొలి ప్రయోగమునందలి నీరు సున్నపు లవణములు కరగియున్న కఠినజలమే.

ఆ ప్రయోగములలోనే మరియొక విచిత్రము కనిపించినది. ధనధ్రువమువద్ద లిట్మసు ఎఱ్ఱబడెను. అనగా అచ్చట ఆమ్లము పుట్టినది. ఆ సంవత్సరమే విలియం క్రూక్‌షాంక్ అను రసాయనజ్ఞుడు ఋణధ్రువమువద్ద క్షారము పుట్టుచున్నదని గమనించెను. స్వేదనజలము వాడినను ఈ రెండును కొంతకొంత కనిపించుచునే ఉండెను. ఇది చిన్న చిక్కు కాదు. నీరు ఉదజని, ఆమ్లజనుల సంయోగమని లవోయిజియే చెప్పి అప్పటికి ఇరువది ఏండ్లయినను నిండలేదు. ఆ రెండు వాయువులు తప్ప వేరేమియు లేని నీటినుండి సోడాక్షారము ఎట్లు వచ్చును? విద్యుత్తే ఆమ్లక్షారములను సృష్టించుచున్నదని కొందరు తలచిరి. నీటినుండియే ఉదహరికామ్లము ఏర్పడునని ఇటలీలో ఒకరు ప్రకటించిరి. ఇది నిజమైనచో నూతన రసాయనశాస్త్రపు పునాదియే కదలవలసి ఉండెను.

ఈ చిక్కును విప్పినవాడు హంఫ్రీ డేవీ. 1806 నవంబరు 20వ తేదీన రాయల్ సొసైటీలో ఆయన చదివిన ఉపన్యాసము, ఒక దొంగను వరుసగా జాడతీసి పట్టుకొన్నట్లు సాగినది.

మొదట ఆయన అనుమానము గాజు పాత్రలపై పడినది. గాజులో సోడా కలదు. అది కొంచెము కొంచెముగా నీటిలో కరగును. కనుక ఆయన గాజును మాని, అగేటు రాతి గిన్నెలను తీసికొని, తడిపిన రాతినారతో రెండు గిన్నెలను కలిపెను. క్షారము తగ్గెనే గాని పోలేదు. పిమ్మట బంగారు పాత్రలు చేయించెను. బంగారము కరుగదు, అయినను క్షారము జాడ కనిపించెను. ఇక మిగిలినది నీరే. తాను వాడుచున్న స్వేదనజలమును వెండిపాత్రలో తక్కువ వేడిమిపై మెల్లగా ఇగిర్చి చూడగా, అడుగున కొద్దిపాటి ఘనపదార్థము మిగిలెను! పరిశుద్ధమని అందరును నమ్మిన నీటిలోనే లవణము దాగియున్నది. ఆ నీటిని తిరిగి వెండిపాత్రలో బట్టీపట్టి వాడగా సోడాక్షారము దాదాపు మాయమయ్యెను.

అప్పటికిని ధనధ్రువమువద్ద నత్రజని సంబంధమైన ఆమ్లమును, ఋణధ్రువమువద్ద అమోనియాయు స్వల్పముగా మిగిలెను. గాలిలోని నత్రజని నీటిలో కరగియుండుటయే దీనికి కారణమని ఊహించి, డేవీ పాత్రనుండి గాలిని తీసివేసి ఉదజనితో నింపి ప్రయోగము చేసెను. ఆ గురుతులును అంతరించెను. పరిశుద్ధమైన నీటినుండి విద్యుత్తు రాబట్టునవి ఉదజని, ఆమ్లజనులే; ఆమ్లక్షారములు నీటిలోని ఇతర పదార్థములనుండి వచ్చినవే అని తేలినది. ఈ పరిశ్రమ చూపిన త్రోవనే ఆయన మరుసటి సంవత్సరము పొటాసియమును, సోడియమును వేరుపరచెను.

దీని అంతరార్థమును అయానుల సిద్ధాంతము బోధపరచినది. కరగిన లవణములు విద్యుదావేశము గల అయానులుగా విడిపోవునని 1887లో స్వీడను దేశీయుడగు స్వాంటే అర్హీనియస్ ప్రతిపాదించెను. విద్యుత్తు ప్రవహించునప్పుడు ఋణధ్రువమువద్ద ఉదజని వెలువడి, హైడ్రాక్సైడు అయానులు మిగులును. వాటికి జతగా సోడియం, కాల్షియం వంటి ధన అయానులు అచ్చటికి చేరినప్పుడే ఆ క్షారము నిలుచును. అట్టి అయానులు లేనిచో, రెండు ధ్రువములవద్ద ఏర్పడిన హైడ్రాక్సైడు, ఉదజని అయానులు తిరిగి కలిసి నీరే అగును. పైగా అయానులు లేని నీటిలో విద్యుత్తు సాగుటయే కష్టము. 25 డిగ్రీల సెంటీగ్రేడువద్ద పరిశుద్ధజలపు వాహకత్వము సెంటీమీటరునకు 0.055 మైక్రోసీమెన్సులు మాత్రమే. బావినీటిలో అది సాధారణముగా కొన్నివందలు ఉండును.

జపానులో రూపొంది, 1960వ దశకములో అచ్చటి ఆరోగ్యశాఖ ఆమోదమును జీర్ణకోశ బాధల వరకే పొందిన గృహయంత్రము సైతము ఈ నియమమునకు లోబడినదే. అందు ప్లాటినపు పూత గల రేకుల నడుమ ఒక పలుచని పొర యుండి రెండు పాయలను వేరుచేయును. జపాను కుళాయినీరు చాలవరకు మృదుజలము. అదే యంత్రమును రాయలసీమలోనో, తెలంగాణములోనో రాతినేలలందలి బోరునీటికి పెట్టినచో పరిస్థితి మారును. ఋణధ్రువమువద్ద బైకార్బొనేటు కార్బొనేటుగా మారి, కాల్షియముతో కలిసి రేకుపై తెల్లని గారగా పేరుకొనును; ప్రవాహము సన్నగిల్లును. బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీరు పుట్టిన క్షారములో కొంత తానే పీల్చుకొనుటచే పి.హెచ్. విలువ అనుకొన్నంత పెరుగదు. గారను వదలించుటకే కొన్ని యంత్రములలో ధ్రువములను అప్పుడప్పుడు తారుమారు చేయుదురు. ఇక విలోమ ద్రవాభిసరణ పద్ధతిచే శుద్ధిచేసిన నీటిలో లవణములు మిక్కిలి తక్కువ గనుక యంత్రము చేయగల పనియు తక్కువే.

భారతీయ ప్రమాణముల సంస్థ 2012 నాటి ప్రమాణము ప్రకారము త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించరాదు. వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతింపబడినది. ఫ్లోరైడు హద్దులు వరుసగా 1.0, 1.5 మిల్లీగ్రాములు. నల్లగొండ ప్రాంతమువలె ఫ్లోరైడు బాధ ఎరిగినచోట్ల ఒక విషయము మరువరాదు: నీటిని క్షారముగా మార్చుట వేరు, ఫ్లోరైడును తొలగించుట వేరు. ముందు నీటిని పరీక్ష చేయించవలెను; యంత్రము మాట తరువాత.

డేవీ ప్రయోగపు సారమును పాఠశాలలో సులభముగా చూపవచ్చును. రెండు యు-ఆకారపు గొట్టములను తీసికొని ఒకదానిలో బావినీటిని, రెండవదానిలో స్వేదనజలమును పోయవలెను. పెన్సిలు కడ్డీలను ధ్రువములుగా అమర్చి, ఒక్కొక్కదానికి 9 వోల్టుల బ్యాటరీని గంటసేపు కలిపియుంచి, ఋణధ్రువపు వైపు ఒకటి రెండు చుక్కల ఫినాల్ఫ్తలీను వేయవలెను. బావినీరు గులాబిరంగు తిరుగును. స్వేదనజలములో అంత రంగు కనిపింపదు. రెండు గొట్టములకును ఇచ్చిన విద్యుత్ఘటములు ఒక్కటే. అయినను రంగు పుట్టిన గొట్టములో క్షారమునకు కావలసిన సరకును ఇచ్చినది బావి. ఆ సరకు ఏమిటో, ఎంతో తెలియవలెనన్నచో, డేవీవలెనే అదే బావినీటిని కొంత తీసికొని ఒక గిన్నెలో ఇగిర్చి, అడుగున మిగిలినదానిని చూచుట విద్యార్థులకు తరువాతి పాఠము కాగలదు.