గడువు తీరినా.. హక్కులు తీరవు
ఒప్పంద ఉద్యోగులు తెలుసుకోవాల్సిన చట్టాలు

మార్చి నెలాఖరు సమీపిస్తోందంటే ఒప్పంద ఉద్యోగుల గుండెల్లో రైళ్లు పరుగెడతాయి. కళాశాలలో పాఠాలు చెప్పే అధ్యాపకుడిదైనా, కర్మాగారంలో యంత్రం నడిపే కార్మికుడిదైనా ప్రశ్న ఒక్కటే.. ఏప్రిల్‌ ఒకటిన లోనికి రానిస్తారా? పొడిగింపు ఉత్తర్వు రాకుంటే చట్టపరంగా దక్కేదేమిటి?

ముందుగా చేదు నిజం చెప్పుకోవాలి. గడువు ముగిసిన ఒప్పందాన్ని పొడిగించి తీరాలని యజమానిని నిర్బంధించే సాధారణ నిబంధన ఏదీ లేదు. పారిశ్రామిక వివాదాల చట్టానికి 1984లో చేసిన సవరణ ప్రకారం, ఒప్పంద కాలం ముగిసి ఉద్యోగం పోవడం ‘రిట్రెంచ్‌మెంట్‌’ కిందకు రాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా అదే మార్గంలో నడిచింది. అందువల్ల నెల రోజుల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం కోరే వీలు లేదు. గడువుకు ముందే పంపివేస్తే మాత్రం ఒప్పందంలోని షరతులను క్షుణ్నంగా పరిశీలించాలి.

ఏడాదికే గ్రాట్యుటీ

కొత్త స్మృతులతో కలిగిన అసలైన మేలు ఇదే. పర్మినెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా అయిదేళ్ల సర్వీసు ఉండాలి. నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాది చాలు. లెక్క కట్టే వేతనం నెలకు రూ.20 వేలు అనుకుంటే, దానిని 26తో భాగించి 15తో హెచ్చవేయాలి. ఏడాదికి సుమారు రూ.11,538 వస్తుంది. చెల్లించాల్సిన తేదీ నుంచి 30 రోజుల్లోగా ఇవ్వకుంటే వడ్డీ కూడా కలపాలి. అదే పని చేసే పర్మినెంటు కార్మికుడి కంటే వేతనం, భత్యాలు, పనిగంటల విషయంలో తక్కువగా చూడరాదన్నది మరో నిబంధన.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. సంస్థతో నేరుగా రాతపూర్వక ఒప్పందం ఉన్నవారే నిర్ణీత కాల ఉద్యోగులు. ఏజెన్సీ ద్వారా వచ్చిన అవుట్‌సోర్సింగ్‌ సిబ్బంది ఈ కోవలోకి రారు.

ఏళ్ల తరబడి పొడిగిస్తుంటే..

పర్మినెంటు హోదా ఎగ్గొట్టే ఉద్దేశంతోనే ఏళ్ల తరబడి తాత్కాలికంగా కొనసాగించడం అనుచిత కార్మిక విధానం. ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడమే కష్టం. నియామక పత్రాలు, జీతం చీటీలు, హాజరు వివరాలు దాచుకోని వారు అక్కడే ఓడిపోతున్నారు.

ప్రభుత్వ శాఖల్లో సంగతి వేరు. ఒప్పంద సేవ ఒక్కటే క్రమబద్ధీకరణ హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు 2006లో ఉమాదేవి కేసులో తేల్చింది. ఆ తీర్పును అడ్డు పెట్టుకుని దీర్ఘకాలం శాశ్వత స్వభావం గల పని చేసిన వారికి అన్యాయం చేయరాదని 2024 డిసెంబరులో జగ్గో కేసులో స్పష్టం చేసింది. ఒక తాత్కాలిక ఉద్యోగిని తీసి ఆ స్థానంలో మరో తాత్కాలిక ఉద్యోగిని పెట్టకూడదని 1992లోనే పియారా సింగ్‌ కేసులో చెప్పింది. కొత్త ప్రకటన వెలువడగానే హైకోర్టు తలుపు తట్టే ఒప్పంద అధ్యాపకులకు ఈ తీర్పే ఆయుధం.

గర్భిణులకు మరో రక్షణ ఉంది. అర్హత ఉంటే, ఒప్పందం ముగిసిన తర్వాతి కాలానికీ ప్రసూతి ప్రయోజనం చెల్లించాలని సర్వోన్నత న్యాయస్థానం 2023 ఆగస్టులో కవితా యాదవ్‌ కేసులో తీర్పునిచ్చింది. అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉండటమే ఆ అర్హత.

ఎక్కడికి వెళ్లాలి?

కార్మికులు మొదట కార్మిక శాఖ అధికారి వద్ద రాజీకి దరఖాస్తు చేయాలి. వివాదం తలెత్తిన రెండేళ్ల తర్వాత ఆయన దానిని చేపట్టరు. మేనేజర్లు, రూ.18 వేలకు మించి వేతనం పొందే సూపర్‌వైజర్లు ‘కార్మికుడు’ నిర్వచనంలోకి రారు. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా న్యాయవాదిని సమకూరుస్తుంది.

భవిష్యనిధి ఖాతా యూఏఎన్‌తోపాటే కొత్త ఉద్యోగానికి బదిలీ అవుతుంది. ఆఖరి రోజున ‘బకాయిలేమీ లేవు’ అంటూ ముందుంచే కాగితంపై మాత్రం లెక్క చూసుకోకుండా సంతకం చేయరాదు.