డెల్టా రైతు దొడ్డి

కృష్ణా డెల్టా చరిత్ర అనగానే కాలువలూ, వరిచేలూ స్ఫురిస్తవి. రైతు ఇంటి వెనుకనున్న దొడ్డిని చరిత్రగా పరిగణించేవారు అరుదు. కాని బందరు, గుడివాడ ప్రాంతాలలోనూ, దివిసీమలోనూ నాలుగైదు ఎకరాల సంసారం నిలదొక్కుకొన్నది చేనివల్ల ఎంతో, దొడ్డివల్లనూ అంతే అని మా అభిప్రాయం.

సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించగా, కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యవంలో బెజవాడవద్ద ఆనకట్ట 1855 నాటికి పూర్తయినది. నీరు పారిన మేరకు బీళ్లు వరిచేలైనవి. మనుష్యులకు తిండి పెరిగినది. పశువులకు మేతబీళ్లు తరిగినవి. కాటన్‌దొరను కొనియాడే సందర్భాలలో ఈ రెండవ మాట సాధారణంగా వినబడదు. సార్వాకాలంలో చేలన్నీ నీట నిండి ఉండగా, గట్లమీద తప్ప పశువుకు కాలుమోపే చోటు లేదు. కొందరు తమ పశువులను మెరక ప్రాంతాలకు తోలుకొనిపోయేవారు. తక్కినవారికి దొడ్డే గతి.

అయితే మేతబీటిని మింగిన వరియే మేతకు దారి చూపినది. గడ్డి వామికెక్కినది. కోతకు కొద్దిరోజుల ముందు, పదును ఆరకమునుపే, నిలిచియున్న పైరులో పిల్లిపెసర, జనుము చల్లేవారు. వరి కోసిన పిమ్మట ఆ మిగులు తేమతోనే అవి ఎదిగి, పశువుకు పచ్చిమేత, నేలకు సారము ఇచ్చేవి. వడ్లు దంపగా వచ్చిన తవుడూ, బియ్యపు కడుగూ కుడితిగోలెంలో చేరి గేదెకు దక్కేవి. నూకలూ, కళ్లంలో రాలిన గింజలూ కోళ్లవి. పేడకుప్పను గీరి పురుగులనేరుకొన్నదీ కోడియే. ఆ కుప్ప తిరిగి చేనికే చేరేది. ఇందులో డబ్బుపెట్టి కొనవలసినది బహుస్వల్పం. గేదె వట్టిపోయిన నెలలలో కోడిగుడ్లూ, పిల్లలూ అమ్మగా వచ్చిన చిల్లర ఇంటికి అక్కరకు వచ్చేది. అది తరచు ఇల్లాలి కొంగుముడిలోని సొమ్ము. లెక్కలపుస్తకాల కెక్కలేదు, అందుకే కాబోలు, చరిత్రకూ ఎక్కలేదు.

కొక్కెర తెగులు సోకితే నాలుగైదు రోజులలో గంపలు ఖాళీ అయ్యేవి. అంతకు మించిన భయం సముద్రం. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారని అంచనా. 1977 నవంబరు 19న దివిసీమకు మళ్లీ ఆ గతి పట్టినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లను కెరటం తుడిచిపెట్టినది. 10,000 మందికి పైగా మరణించినట్లు అంచనా. పశువుల కళేబరాలు పొలాలనిండా పరచుకొన్నవి.

బ్రతికి బయటపడిన రైతుకు భూమి మిగిలినది. దున్నడానికి ఎద్దులు లేవు, పితకడానికి గేదె లేదు. ఉప్పునీరు నిలిచిన చేనిలో గడ్డీ లేదు. కోడిగుడ్డు ఇరవైయొక్క రోజులలో పిల్ల అవుతుంది. గేదెపెయ్య ఎదిగి, చూడికట్టి, ఈనడానికి మూడు నాలుగేండ్లు కావాలి. దొడ్డి మళ్లీ నిండడానికి ఎంత ఓపిక పట్టవలెనో దీనినిబట్టి శ్రోతలు ఊహించుకోవచ్చును.

1969లో విజయవాడలో యూనిసెఫ్ సహాయంతో పాలకర్మాగారం ఏర్పడిన తరువాత ఊరి పాలకు ఊరిబయట బేరం కుదిరినది. పాడి పెరిగినది, కాని దానికి ఆధారమైన మేత తరుగుతూ వచ్చినది. దాళ్వా వరి వ్యాపించినచోట పిల్లిపెసరకు తావు లేకపోయినది. గుడివాడనుండి కొల్లేటివైపు చేలు చేపలచెరువులైనవి. కోతయంత్రం విడిచిన గడ్డి చెల్లాచెదరై వామివేయడానికి ఒదగక, చాలాచోట్ల చేనిలోనే తగులబడుతున్నది. చెరువుగట్టున కట్టివేసిన గేదెకు ఎండుగడ్డి ఇప్పుడు పొరుగూరినుండి రావలసియున్నది.